ఏ కేటగిరీకీ రాని లాడ్జి

పాలమూరు బస్టాండుకు ఎదురుగా మాకొక లాడ్జి ఉండేది. కింద కౌంటరు, కౌంటరు వెనక మేం కాపురముండే రెండు గదులు, పైన రెండంతస్తులు. గదులు పెద్దవి కావు. మంచాలు నవారువి. ఫ్యాన్లు తిరిగేటప్పుడు ఎడ్లబండిలా కిర్రుమనేవి, అయినా తిరిగేవి. ఆ లాడ్జి అంటే నాకు ఇప్పటికీ గర్వమే. ఎవరైనా నా ముందు కూర్చుని "ఆ హోటలు ఎన్ని స్టార్లు, ఈ హోటలు ఏ క్లాసు" అని మొదలుపెడితే మాత్రం కోపం నషాళానికి అంటుతుంది. మా ఇంటాయన ఆ మాట రాగానే నెమ్మదిగా లేచి బయటికి పోతాడు. వినీ వినీ ఆయన చెవులు అరిగిపోయాయి.

లాడ్జిని బాపు, పెద్దబాపు కలిసి కట్టించారు. పెద్దబాపు అంటే బాపుకు సొంత అన్న. జాగా ఆయనది, నడపడం బాపుది. ఎనభైల చివర్లో, నేను ఇంటర్ పాసై ఇంట్లో ఉన్నప్పుడు, బాపు తడి మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కౌంటర్లో ఎవరు కూర్చోవాలన్న మాట వచ్చింది. ఇంట్లో కొడుకుల్లేరు. అమ్మకు తాళాల గుత్తి చూస్తేనే గుండె దడ. నేను వెళ్లి కూర్చున్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు, లెమ్మన్నవాళ్లు మాత్రం బజారు నిండా ఉన్నారు.

అప్పట్లో మా దిక్కు లాడ్జి అనేది మంచి మాట కాదు. ఫలానావాడు లాడ్జిలో దిగాడంటే తాగడానికో, పేకాటకో, ఇంకా చెప్పుకోకూడని పనికో అని అర్థం. మర్యాదస్తులు పొరుగూరు పోతే చుట్టాలింట్లో దిగుతారు. చుట్టాలు లేకపోతే చుట్టాల చుట్టాలను వెతుక్కుంటారు. అలాంటిది పెండ్లి కావలసిన పిల్ల వెళ్లి లాడ్జి కౌంటర్లో కూర్చునేసరికి పెద్దబాపు ఒంటికాలి మీద లేచాడు.

"తమ్మీ, కాలు ఇరిగితే ఇరిగింది, తెలివి గూడ ఇరిగిందా నీకు? ఆడివిల్లను లాడ్జిల కూసోవెడ్తవా? రేపు దీన్ని ఎవడు జేసుకుంటడు?"

"కాలు గట్టివడే దాంక కూసోనియ్యి అన్నా. ఇగ నాకెవరున్నరు?" అన్నాడు బాపు మంచం మీద నుంచి.

కాలు గట్టిపడింది, కాస్త కుంటు మిగిలింది. నేను మాత్రం లేవలేదు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నేను నేనుగా ఉన్నట్టుండేది. అంతకు ముందు ఎక్కడ కూర్చున్నా ఎవరి కూతురినో, ఎవరికో కాబోయే కోడలినో.

మొదట్లో మగవాళ్లు లోపలికి వచ్చి నన్ను చూసి ఆగిపోయేవారు. "మీ బాపు లేడా?" అనేవారు. "గది బాపు ఇయ్యడు, నేనే ఇస్త. గావాల్నా వద్దా?" అనేదాన్ని. కొందరు ఉండేవారు, కొందరు వెనక్కి తిరిగేవారు. సంచిలో సీసా పెట్టుకుని వచ్చేవాళ్లు అసలే మానేశారు. పెద్దబాపు వచ్చి ఖాళీ గదుల తలుపులు ఒక్కొక్కటే తెరిచి చూపిస్తూ తిట్టేవాడు. పైకి మొండిగా ఉన్నా లోపల నాకూ బెరుకుగానే ఉండేది.

తరవాత ఆడవాళ్లు రావడం మొదలైంది. దవాఖానలో కూతురి కాన్పు కోసం వచ్చిన తల్లులు వచ్చారు. ట్రెయినింగుకు వచ్చిన అంగన్‌వాడీ టీచర్లు వచ్చారు. ఎండాకాలంలో పదో తరగతి పేపర్లు దిద్దడానికి అచ్చంపేట, నారాయణపేట దిక్కు నుంచి పంతులమ్మలు జట్లు జట్లుగా వచ్చారు. బురఖాలు వేసుకున్న తల్లీకూతుళ్లు గుమ్మంలో నిలబడి, నన్ను చూసి, తమతో వచ్చిన పెద్దాయనతో ఏదో గుసగుసగా చెప్పి లోపలికి అడుగుపెట్టేవారు.

ఆడవాళ్లు వస్తే వాళ్లతో పాటు సంసారమూ వస్తుంది. వరండాలో కిరోసిన్ స్టవ్వులు వెలిగేవి. బాలింతకు కారం లేని కూర ఒకామె వండితే పక్క గది ఆమె ఎల్లిపాయలు ఒలిచిపెట్టేది. పొద్దున లేస్తే ఉతుకుడు. వెనక వైపు సినిమా హాలు గోడ అడ్డం, ఎండ పొడ తగలదు. అందుకని ఉతికిన చీరలన్నీ ముందు వరండా కటకటాలకే, రోడ్డు వైపుకు ఆరేసేవారు. బస్టాండులో నిలబడి చూస్తే మా లాడ్జి గోడలకు ఏ రంగు వేశామో తెలిసేది కాదు.

"గిది లాడ్జా, చాకిరేవా?" అనేవాడు పెద్దబాపు. వచ్చినప్పుడల్లా అదే మాట. మేం చెవిన వేసుకునేవాళ్లం కాదు, గదులు నిండుతున్నాయి కదా.

తొంభైల మొదట్లో పట్నం నుంచి ఒక హోటళ్ల కంపెనీ జిల్లాలకు దిగింది. భువనగిరిలో ఒక పాత లాడ్జిని తీసుకున్నారనీ, నార్కట్‌పల్లి చౌరస్తాలో ఇంకొకటి చూస్తున్నారనీ పెద్దబాపు వార్త మోసుకొచ్చాడు. వాళ్ల పద్ధతి ఏమిటంటే, నడుస్తున్న లాడ్జిని కిరాయికి తీసుకుంటారు, తమ పేరు పెడతారు, అన్నిటికీ ఒకే రంగు కొడతారు, తమకున్న మూడు రకాల్లో ఏదో ఒకదాంట్లో దాన్ని చేరుస్తారు. రాయల్, ఎగ్జిక్యూటివ్, ఎకానమీ. బోర్డు చూడగానే లోపల ఏముందో ప్రయాణికుడికి తెలిసిపోతుందని వాళ్ల ధీమా.

నేను సినిమా హాలు గోడ పక్కన పెరిగినదాన్ని. నాకు తెలిసిన రకాలు నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. నేల టికెట్టు కొన్నవాడు నేల మీదే కూర్చుంటాడు. ఆ పేరులో అబద్ధం లేదు. ఆర్డినరీ బస్సు చెయ్యెత్తిన చోటల్లా ఆగుతుంది, ఎక్స్‌ప్రెస్ ఆగదు, అదీ నిజమే. రాయల్ అంటే ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ దిగాలి? ఎంత ఆలోచించినా నాకు తెలియలేదు.

ఒక మధ్యాహ్నం ఆ కంపెనీ మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని ప్యాంటు, జేబులో రెండు పెన్నులు. పరుపు నొక్కి చూశాడు. కిటికీ రెక్కను వేలితో తుడిచి ఆ వేలిని చూసుకున్నాడు. కౌంటర్లో ఉన్న నేను కుర్చీలో భాగమనుకున్నాడో ఏమో, మాట్లాడిందంతా పెద్దబాపుతోనే.

"ఇది మా ఎకానమీ కేటగిరీకి సరిపోతుందండి. కానీ కొన్ని మార్పులు చెయ్యాలి. ముందు వైపు ఈ బట్టలు అసలు కనబడకూడదు. వరండాలో వంటలు ఉండకూడదు. కౌంటర్లో టై కట్టుకున్న మగమనిషి ఉండాలి. ఈ వేసవి ఇలా నడిపి చూపించండి. మా పెద్దసారు వచ్చి చూస్తారు. ఆయనకు నచ్చితే కిరాయి కాగితం రాసుకుందాం."

"నచ్చితే మేమెక్కడుండాలె సారూ?" అని అడిగాను.

"కింది గదులు కూడా మాకు కావాలండి, ఆఫీసుకి" అని పెద్దబాపుకే జవాబు చెప్పాడు.

కాగితం రాసుకుంటే లాడ్జి పోతుంది, ఉంటున్న ఇల్లు పోతుంది, నా కుర్చీ పోతుంది. ఇక నాకు మిగిలేవి పెండ్లిచూపులు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. బాపుతో పోట్లాడాను. బాపుకు బోర్డుల మోజు ఎక్కువ. "పట్నపోళ్ల పేరు బిడ్డా. పేరుంటే ఊకెనే నడుస్తది" అన్నాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని అమ్మ వంటింట్లోంచి అంది. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు.

పెద్దబాపు హుషారు చెప్పనలవి కాదు. గోడలకు నీలం రంగు కొట్టించాడు. గుమ్మానికి రెండు వైపులా ప్లాస్టిక్ పూలకుండీలు పెట్టించాడు. కటకటాల మీద గుడ్డపేలిక కనపడకూడదని హుకుం జారీ చేశాడు. కాగితం రాసుకోకముందే బోర్డు కూడా రాయించాడు. లాడ్జి పేరు చిన్న అక్షరాల్లో, 'ఎకానమీ' అన్నది బారెడు అక్షరాల్లో. అదే అన్నిట్లో పెద్ద రకమని ఆయన నమ్మకం. టీ తాగడానికి వచ్చిన వాళ్లకు విడమరిచి చెప్పేవాడు: "ఎకానమీ అంటే పేపర్ల రోజు రాస్తరు సూడు, ఢిల్లీల పెద్ద పెద్దోళ్లు మాట్లాడ్తరు, గదే. మనదాన్ని గందుల జేర్చిన్రు."

నా కుర్చీలోకి ఆయనకు తెలిసిన ఒక నడివయసు మనిషి వచ్చాడు. పాపం ఆయనకు టై కట్టుకోవడం రాదు. ఎవరో వేసిచ్చిన ముడిని విప్పకుండా, పొద్దున తలలోంచి వేసుకుని సాయంత్రం తలలోంచి తీసేవాడు. నన్ను లోపలికి పంపించారు. గోడ అవతల నుంచి ఆయన "గుడ్ మార్నింగ్" అంటుంటే వింటూ పప్పులో రాళ్లు ఏరాను. ఏరుతున్నంతసేపూ ఏడుపు ముంచుకొచ్చేది.

ఆడవాళ్లు రావడం ఆగిపోయింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బస్సు దిగుతారు, మూటలు సర్దుకుంటారు, తలెత్తి మా వైపు చూస్తారు, మళ్లీ తల దించుకుని బస్టాండు సిమెంటు బల్లల మీదే చతికిలబడతారు. సీసాలవాళ్లు తిరిగొచ్చారు. అమ్మ పొద్దుగూకగానే లోపల గడియ పెట్టడం మొదలుపెట్టింది. గదులు అవే, కిరాయి అదే, రంగు కొత్తది, దుప్పట్లు కొత్తవి. మరి ఎందుకు రావడం లేదో నాకు అంతు చిక్కలేదు. పెద్దబాపు మాత్రం కొత్త సరుకు అలవాటయ్యేదాకా అంతేనని సర్దిచెప్పుకునేవాడు.

ఒకనాడు నిమ్మకాయలకని రోడ్డు దాటి వెళ్లాను. బస్టాండులో కొల్లాపూర్ దిక్కు అవ్వ ఒకామె కనపడింది. మనుమరాలికి మూర్ఛలకు మందులిప్పించడానికి నెలనెలా దవాఖానకు వచ్చేది, వచ్చిన ప్రతిసారీ మా దగ్గరే దిగేది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ పిల్ల తలను ఒళ్లో పెట్టుకుని కొంగుతో విసురుతూ కూర్చుంది.

"అవ్వా, గీడ గూసున్నవేంది? పైకి రావొద్దా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వింక గాడనే ఉన్నవా బిడ్డా? అమ్ముకోని పోయిన్రనుకున్న."

"ఎవరు జెప్పిన్రు నీకు?"

"ఒకలు జెప్పాల్నా? బస్సు దిగంగనే జూస్త గద. చీరలు లేవు. ఆడోళ్లు లేని లాడ్జికి ఎదిగిన పిల్లను దీస్కొని ఎట్లొస్త?"

"బోర్డు గూడ వెట్టినం గదనే అవ్వా. పట్నపు కంపెనీ బోర్డు."

"నాకు సదువు రాదు. వచ్చినా గంతే. బోర్డు ఎవడన్న రాపిస్తడు బిడ్డా. తడి చీర ఎవడు దెచ్చి ఆరేస్తడు?"

నిమ్మకాయల మాట మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. ఇన్నేళ్లుగా బస్సు దిగిన ప్రతి ఆడమనిషీ మా వరండాను చదువుకుంటోందన్న మాట. చీర ఉంటే లోపల ఆడవాళ్లు ఉన్నట్టు. చంటిపిల్లల గుడ్డలు ఉంటే అక్కడ నీళ్లు కాచుకోనిస్తారన్నట్టు. చీర తడిగా ఉంటే ఆ ఆడమనిషి ఇవాళే, ఇప్పుడే అక్కడ ఉన్నట్టు. ఆ కబురు ఏ రాయల్ బోర్డూ చెప్పలేదు. మేం ఆ కబురును మా చేతులతో మేమే చించేసి, ఎవరికీ అక్కర్లేని మాటను బారెడు అక్షరాల్లో రాయించుకున్నాం. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అవ్వ మూట నేను చంకన పెట్టుకుని ఇద్దరినీ వెంటబెట్టుకుని రోడ్డు దాటాను. కౌంటర్లో ఉన్న టై ఆయనతో "అన్నా, నువ్వు వొయ్యి చాయ్ తాగు" అన్నాను. "డ్యూటీల ఉన్న గదమ్మా" అన్నాడు. "నిమ్మలంగ తాగు. ఇయ్యాల్టికి డ్యూటీ అయిపోయింది" అన్నాను. ఆయనా అదే కోరుకున్నట్టున్నాడు, టై తలలోంచి తీసి కౌంటరు మీద పెట్టి వెళ్లిపోయాడు. అవ్వకు గది ఇచ్చి, తిన్నగా అమ్మ పెట్టె దగ్గరికి పోయాను. ఉన్న చీరలన్నీ తీసి నీళ్లలో ముంచడం మొదలుపెట్టాను.

"అవి ఉతికినయే గదనే!" అని అమ్మ లబోదిబోమంది.

"మల్ల ఉతుకుతున్న."

అందులో మోసమేమీ లేదు. అమ్మా నేనూ అవ్వా ఆమె మనుమరాలూ, ఆడవాళ్లం ఉన్నాం కదా లోపల. పొద్దు వాలకముందే అచ్చంపేట బస్సు దిగిన ఇద్దరు పంతులమ్మలు తలెత్తి చూసి, సూట్‌కేసులు పట్టుకుని నేరుగా రోడ్డు దాటి వచ్చారు. వాళ్లను చూసి నేను కౌంటరు కింద చప్పట్లు కొట్టుకున్నాను.

సాయంత్రం పెద్దబాపు వచ్చి నిప్పులు చెరిగాడు. "కంపెనీ పెద్దసారు వచ్చే యాళ్లకు గిదేం పని పొల్లా? తియ్యి అయన్ని!"

"తియ్య."

పెద్దబాపుకు ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఇక చెంప మీద పడుతుందనుకున్నాను. అప్పుడు బాపు కుంటుకుంటూ బయటికి వచ్చాడు. "అన్నా, ఉండనియ్యి. ఒట్టి గదులకు బోర్డెందుకు? నా బిడ్డ నడిపిననాడు లాడ్జి నిండింది. నేను జూసిన." బాపు నోటి నుంచి ఆ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ సంతోషంలో చీర పిండుతూ నా ఒళ్లంతా తడుపుకున్నాను.

ఆ వేసవి మా లాడ్జి కిటకిటలాడింది. పేపర్లు దిద్దే పంతులమ్మలు, కాన్పుల తల్లులు, టీచరు ఉద్యోగం పరీక్షకు వచ్చిన ఆడపిల్లలు. గదులు చాలక వరండాల్లో చాపలు పరిచాం. సరిగ్గా ఆ రద్దీలోనే కంపెనీ పెద్దసారు కారు దిగాడు. వెనక మేనేజరు. పై మెట్టు మీద కూర్చుని ఒక పంతులమ్మ ఇంకొకామెకు జడ వేస్తోంది. పెద్దసారు అడుగు పైకి వెయ్యబోతే ఆమె దువ్వెన అడ్డం పెట్టింది: "ఎవరు గావాలె? మగోళ్లు ఉత్తగనే పైకి రావొద్దు." ఆయన కింద నుంచే స్టవ్వులను, చీరలను, ఉయ్యాలలో ఏడుస్తున్న పసిబిడ్డను చూశాడు. మొహం చిట్లించుకుని మేనేజరుతో అన్నాడు: "ఇది మన ఏ కేటగిరీలోకీ రాదయ్యా."

"మల్లొకసారి జెప్పుండ్రి సారూ, సరిగ ఇనవడలే" అన్నాను.

ఆయన అమాయకంగా మళ్లీ చెప్పాడు. కారు కదలగానే పక్కనున్న చాయ్ కొట్టు నుంచి గదిగదికీ చాయ్ పంపించాను. పైసలు నా సొంతవే. ఆనాటి చాయ్ అంత తియ్యటి చాయ్ మళ్లీ తాగలేదు.

పెద్దబాపు మాత్రం ఒప్పుకోలేదు. లాడ్జి నిండా జనం ఉంటే నోరెత్తలేడు కాబట్టి మాట మార్చాడు. "తమ్ముని బిడ్డ. పెండ్లయ్యే దాంక పొద్దువోక కూసుంటది. ఎల్లిపోయినంక ఇంకో కంపెనీని జూస్త" అని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు. నాకు పెండ్లయింది. కాపురం పాలమూరులోనే అన్నది నా షరతు, దానికి తలూపినవాడినే చేసుకున్నాను. అయినా పెద్దబాపు పాట మారలేదు. నేను అద్దె కట్టని అద్దెదారులా, ఎప్పుడు లెమ్మంటాడో అన్నట్టే ఆ కుర్చీలో కూర్చున్నాను. జాగా ఆయనదే మరి.

ఆ కంపెనీవాళ్లు అదే రోడ్డు మీద ఇంకో మేడ తీసుకున్నారు. అద్దాల తలుపులు, ఏసీ గదులు, పైన 'ఎగ్జిక్యూటివ్' అని రాత్రి వెలిగే బోర్డు. దానికి ఆ మేనేజరునే వేశారు. కుటుంబం పట్నంలో, ఆయన హోటల్లోనే ఒక గదిలో. దారిలో ఎదురైతే నేను నమస్తే పెట్టేదాన్ని, ఆయన వాచీ చూసుకునేవాడు.

కొన్నేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను కౌంటర్లో ఉన్నాను. గుమ్మం పక్క బెంచీ మీద పెద్దబాపు పేపరు చదువుతున్నాడు. ముసలితనం వచ్చాక ఆ బెంచీయే ఆయన ఆఫీసు. మేనేజరు లోపలికి వచ్చాడు. జుట్టు నెరిసింది, చొక్కా చెమటకు అతుక్కుపోయింది. ఆయన వెనక ఒక ఆడపిల్ల, చేతిలో పెట్టె. వచ్చీ రావడంతోనే ఆయన, పాత అలవాటు పోక, నన్ను దాటి పెద్దబాపు దగ్గరికి వెళ్లాడు.

"పెద్దాయనా, మా అమ్మాయి. ఇక్కడ కాలేజీలో సీటొచ్చింది. హాస్టల్ తెరిచే దాకా ఒక గది కావాలి."

పెద్దబాపు పేపరు దించాడు. "మీ దాంట్ల గదులు లేవా సారూ?"

"ఉన్నాయండి."

"ఏసీయి గూడ ఉన్నయంట గద?"

"ఉన్నాయి." మేనేజరు గొంతు తగ్గించాడు. "నేను పని మీద పట్నం వెళ్లాలి. పిల్ల ఒక్కతే ఉండాలి."

ఏ కేటగిరీ కావాలె సారూ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల నన్ను చూసి, పెట్టె కింద పెట్టి, ఊపిరి పీల్చుకుంది. ఆ మాట మింగేశాను.

పెద్దబాపు పేపరు మడిచి బెంచీ మీద పెట్టి లేచాడు. "నన్నడుగుతవేంది సారూ? లాడ్జి నాది గాదు. ఓనరమ్మ గా కుర్చీల కూసుంది, ఆమెనడుగు. ఆమె లేదంటే నేను జెప్పినా ఇయ్యది."

ఆ మాట అని, ఆ పిల్ల పెట్టెను తానే ఎత్తుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు, ఏ గదో నేను చెప్పేదాకా.